ఆ నిశ్శబ్దాన్ని చెదరగొట్టకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పెద్ద కట్ట ఒకే విషయం మీద ఉంది. గ్రంథాలయానికి వచ్చే పిల్లల చేత పుస్తకాల గురించి మాట్లాడించడం ఎలా, వాళ్లతో చేతిపనులు చేయించడం ఎలా అని గ్రంథపాలకులు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, కొందరు తల్లిదండ్రులు అడిగారు. నా ఇరవై ఆరేళ్ల ఉద్యోగం పిల్లల విభాగంలోనే గడిచింది. పదవీ విరమణ అయ్యాక కూడా వారానికి ఒక పూట ఆ గదికి వెళ్లకుండా ఉండలేను. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఈ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: పిల్లల విభాగం బాధ్యత నాకు కొత్తగా అప్పగించారు. ప్రతి శనివారం పుస్తక చర్చ పెడుతున్నాను. పదీ పన్నెండు మంది వస్తారు. "కథ ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. "ఎందుకు బాగుంది?" అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే మాట్లాడేస్తాను. గంట గడిచేసరికి చర్చ కాస్తా నా ఉపన్యాసంగా మారిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: మీరు భరించలేకపోతున్న ఆ నిశ్శబ్దంలోనే పిల్లలు ఆలోచిస్తున్నారమ్మా. మీరు మాట్లాడగానే ఆలోచన ఆగిపోతోంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల్లోని సంభాషణలను టేపుల మీద రికార్డు చేసి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక సెకను. ఆ ఒక్క సెకనులో జవాబు రాకపోతే ఇంకో ప్రశ్న వేయడమో, తామే జవాబు చెప్పేయడమో చేస్తున్నారు. ఆగే సమయాన్ని మూడు సెకన్లకు పెంచగానే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అడగకుండానే మాట్లాడే పిల్లలు పెరిగారు, "తెలియదు" అనడం తగ్గింది. పుస్తకం గురించి మాట్లాడటానికి మూడు సెకన్లు కూడా చాలవని నా అనుభవం. మొదట్లో నేను బల్ల కింద వేళ్లు మడుస్తూ పది దాకా లెక్కపెట్టేదాన్ని. ఏడో వేలు మడిచేసరికి ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు. మీరూ లెక్కపెట్టి చూడండి. ఆ సమయంలో పిల్లల ముఖాల వంక చూడకండి, మీ చేతిలో ఉన్న పుస్తకంలోని బొమ్మను చూస్తూ ఉండండి. మనం కళ్లలోకి చూస్తూ ఎదురుచూస్తే అది వాళ్లకు పరీక్షలా తోస్తుంది.

రెండోది, "ఎందుకు" అనే మాట. పెద్దవాళ్లు "ఎందుకు" అని అడిగిన ప్రతిసారీ పిల్లలకు ఏదో సంజాయిషీ చెప్పుకోవాల్సిన సందర్భమే గుర్తొస్తుంది. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు పగలగొట్టావు... బ్రిటిష్ రచయిత ఎయిడన్ ఛేంబర్స్ పిల్లలతో పుస్తక చర్చల మీద చాలాకాలం పనిచేసి, "ఎందుకు" అనే ప్రశ్నను పక్కన పెట్టి "చెప్పు" అనే మాటతో మొదలుపెట్టమన్నారు. ఆయన పద్ధతిలో మూల ప్రశ్నలు నాలుగే. నీకు నచ్చినది ఏమైనా ఉందా? నచ్చనిది ఏమైనా ఉందా? అర్థం కానిది, తికమక పెట్టినది ఏమైనా ఉందా? మళ్లీ మళ్లీ వస్తున్నట్టు, ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నట్టు అనిపించినది ఏమైనా ఉందా? ఈ నాలుగింటిలో నేను ఎప్పుడూ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. నచ్చింది అని చెప్పడం పిల్లలకు మర్యాద. నచ్చలేదని చెప్పడానికి ధైర్యం కావాలి. అర్థం కాలేదని చెప్పడానికి మాత్రం ఆ గదిలో అందరికీ సమానంగా అవకాశం ఉంటుంది, అది చెప్పేటప్పుడు మనం కూడా వాళ్లతో పాటే ఉంటాం కనుక.

ఒక సంగతి చెబుతాను. ఒకసారి పాత ఇంటి కథ ఒకటి చదువుకున్నాం. ఆ బొమ్మల పుస్తకాన్ని నేను అప్పటికే ఇరవైసార్లు పైగా పిల్లలకు చదివి వినిపించి ఉంటాను. "మీకు అర్థం కానిది ఏమైనా ఉందా?" అని అడిగి వేళ్లు మడవడం మొదలుపెట్టాను. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె అంది: "ఆ కిటికీ ఎవరు మూశారు?" ఏ కిటికీ అని అడిగాను. లేచి వచ్చి నా చేతిలోని పుస్తకం తీసుకుని పేజీలు తిప్పి చూపించింది. ప్రతి బొమ్మలోనూ మేడ మీది కిటికీ తెరిచి ఉంది. చివరి బొమ్మలో మూసి ఉంది. కథలో ఆ సంగతి ఒక్క మాటలో కూడా లేదు. ఇరవైసార్లు చదివిన నా కళ్లకు అది ఎప్పుడూ కనిపించలేదు. ఆ రోజు నలభై నిమిషాలు ఆ కిటికీ గురించే మాట్లాడుకున్నారు. ఇంటివాళ్లు వెళ్లిపోయారని ఒకరు, కాదు వాళ్లు ఇప్పుడే వచ్చారు, చలిగా ఉందని మూశారని ఒకరు, బొమ్మ వేసినవాళ్లు మరిచిపోయి ఉంటారని ఇంకొకరు. నేను మాట్లాడింది రెండే రెండు మాటలు: "ఏ పేజీలో?", "ఇంకా చెప్పు".

మీకు నేను చెప్పే సలహా కూడా ఆ రెండు మాటలే. పిల్లలు ఏమన్నా "ఏ పేజీలో?" అని అడగండి. వాళ్లు పుస్తకం తెరుస్తారు. పుస్తకం తెరిచిన పిల్లలకు మీ సాయం పెద్దగా అక్కర్లేదు. ఇంకొక్క మాట, ఎవరేం చెప్పినా "శభాష్" అనకండి. ఒకరికి శభాష్ చెప్పగానే మిగతావాళ్లు పుస్తకాన్ని వదిలేసి ఆ శభాష్ కోసం వెతకడం మొదలుపెడతారు. విన్నట్టు తల ఊపితే చాలు.

ప్రశ్న: మా గ్రంథాలయంలో సెలవుల్లో చేతిపనుల కార్యక్రమం పెడితే గది నిండిపోతుంది. జిగురు ఆరగానే ఖాళీ అయిపోతుంది. పక్కనే పెట్టిన పుస్తకాన్ని ఎవరూ ముట్టరు. మేము పుస్తకాల కోసం ఉన్నామా, రంగు కాగితాల కోసమా అని మా పైఅధికారి అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: మీ పైఅధికారి ప్రశ్నలో న్యాయముంది. కానీ తప్పు పిల్లలది కాదు, చేతిపనులదీ కాదు. నేనొక పరీక్ష పెట్టుకుంటాను: ఆ పుస్తకం చదవకపోయినా ఆ వస్తువును చేయగలరా? చేయగలిగితే దానికి పుస్తకంతో సంబంధం లేనట్టే. కథలో చేప ఉందని కాగితం చేప చేయిస్తే, అది ఉత్త కాగితం చేప. అందరివీ ఒకేలా ఉంటాయి. గోడకు అంటిస్తే ఫొటోకు బాగుంటాయి. దాని కోసం ఏ బిడ్డా పుస్తకం తెరవాల్సిన పని లేదు.

ఇందాకటి కిటికీ సంగతికి వస్తాను. ఆ చర్చ జరిగిన మరుసటి వారం నేను అనుకున్న చేతిపనిని రద్దు చేశాను. మందపాటి కాగితాలు పంచి, మధ్యలో మూడు వైపులా కత్తిరించి నాలుగో వైపు మడిచి కిటికీ తలుపు చేయమన్నాను. వెనక ఇంకో కాగితం అంటించి, "ఆ కిటికీ వెనక ఏముందో మీకు తెలుసు, నాకు తెలియదు. గీయండి" అన్నాను. ఒక్క కిటికీ ఇంకో కిటికీలా లేదు. పుస్తకం ఒకటే ఉంది, అది బల్ల మీద చేతులు మారుతూనే ఉంది. పరదాల రంగేమిటి, గోడ మీద గడియారం ఎటు పక్కన ఉంది, మేడకు మెట్లు లోపలి నుంచా బయటి నుంచా అని చూసుకోవడానికి అందరికీ కావలసి వచ్చింది. చదవమని నేను ఎవరికీ చెప్పలేదు.

అలాంటి చేతిపనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నన్ను అడిగితే, అన్నిటికంటే మేలైనది ఒకే కాగితంతో చేసే ఎనిమిది పేజీల పుస్తకం. దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఒకచోట తప్పు చేస్తారు. ఎ4 కాగితాన్ని నిలువునా సగానికి మడిచి విప్పండి. తర్వాత అడ్డంగా సగానికి మడిచి, ఇంకోసారి అదే దిక్కుగా సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు కనిపిస్తాయి. ఇప్పుడు మళ్లీ అడ్డంగా ఒక్కసారే సగానికి మడవండి. మడత ఉన్న అంచు నుంచి మొదలుపెట్టి, మధ్య గీత మీద ఒక్క గడి పొడవు మాత్రమే కత్తిరించండి. తప్పు జరిగేది ఇక్కడే. తెరిచి ఉన్న అంచు వైపు నుంచి కత్తిరిస్తే చీలిక మధ్యలో పడదు, కాగితం వృథా అవుతుంది. అందుకని కత్తెర పట్టే ముందు ప్రతి బిడ్డ చేత మడత అంచును వేలితో తడిమి చూపించమంటాను. కత్తిరించాక కాగితం విప్పి, నిలువు మడత మీద మడిచి, రెండు చివర్లు పట్టుకుని లోపలికి నెడితే మధ్య చీలిక తెరుచుకుని నాలుగు రేకుల ఆకారం వస్తుంది. ఆ రేకుల్ని ఒకవైపు చుడితే అరచేతిలో ఇమిడే పుస్తకం తయారవుతుంది. ఒక్కో పేజీ దాదాపు 105 మిల్లీమీటర్ల ఎత్తు, 74 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. జిగురు లేదు, దారం లేదు. కాగితం పుస్తకంగా మారే ఆ క్షణంలో పిల్లలు ఊపిరి బిగపడతారు, చూడండి.

ఆ చిన్న పుస్తకంలో ఏం రాయాలో చదివిన కథ నుంచి రావాలి. కథలో ఒక్కసారి కనిపించి మాయమైన మనిషి తన కథ చెప్పుకుంటే ఎలా ఉంటుంది? చివరి పేజీ తర్వాత మరుసటి రోజు ఉదయం ఏం జరిగింది? పూర్తయిన పుస్తకాలకు గ్రంథాలయంలో ఒక చిన్న అర కేటాయించి, తీసుకువెళ్లి చదివి తిరిగి ఇచ్చే వీలు కల్పించండి. భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచ సూత్రాలలో మూడోది, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడని. తొమ్మిదేళ్ల బిడ్డ రాసిన ఎనిమిది పేజీల పుస్తకానికి కూడా ఆ సూత్రం వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మీ పైఅధికారికి ఆ అర చూపించండి.

ఇంకొక్కటి చెప్పి ఈ జవాబు ముగిస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడి మడత వంకరగా వస్తోందని అతని చేతిలోంచి కాగితం తీసుకుని నేను సరిచేశాను. అంచుకు అంచు కలిసింది, చక్కగా వచ్చింది. కార్యక్రమం అయ్యాక బల్లలు తుడుస్తుంటే ఆ ఒక్క పుస్తకమే కుర్చీ మీద మిగిలిపోయి ఉంది. మరిచిపోయాడనుకుని మరుసటి వారం ఇచ్చాను. "అది మీరు చేసింది కదా" అన్నాడు. ఆ తర్వాత ఏ బిడ్డ చేతిలోంచీ నేను కాగితం తీసుకోలేదు. చూపించాల్సి వస్తే నా కాగితం మీద చేసి చూపిస్తాను.

ప్రశ్న: మా చర్చలో ఒక పిల్లవాడు ఎవరినీ మాట్లాడనివ్వడు. ఒక అమ్మాయి మూడు నెలలుగా వస్తోంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఇద్దరినీ ఎలా దారికి తేవాలి?

జవాబు: ఆ అమ్మాయి మూడు నెలలుగా వస్తోంది అని మీరే రాశారు. ఆ మాటను మీరే ఇంకోసారి చదువుకోండి. బలవంతం లేకుండా పన్నెండు వారాలు వచ్చిన బిడ్డను దారికి తేవాల్సిన పనేముంది? ఆమెను పేరు పెట్టి పిలిచి "నువ్వేమంటావు?" అని మాత్రం అడగకండి.

మాట్లాడే పిల్లవాడి సంగతి తేలిక. చర్చ మొదలుపెట్టే ముందు అందరికీ చిన్న చీటీలు ఇచ్చి, తికమక పెట్టిన విషయం ఒకటి రాయమనండి, లేదా గీయమనండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, మీతో సహా. తర్వాత చీటీలు కలిపి, ఎవరిది ఎవరికి వస్తే వాళ్లు చదవాలి. పేర్లు అక్కర్లేదు. అతని చీటీ ఒక్కటే ఉంటుంది, ఆమె చీటీ కూడా ఒక్కటే ఉంటుంది. అతనికి ఉత్సాహం ఎక్కువ, దాన్ని చిన్నబుచ్చకండి. నోటి మాటగా పొంగేదాన్ని రాసుకోమని ఒక పుస్తకం ఇస్తే అలాంటి పిల్లలు పేజీలు నింపేస్తారు.

మాట్లాడని పిల్లల గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటుంది. గుండ్రంగా కూర్చోబెట్టి అందరూ అందరినీ చూసుకునేలా చేస్తే పెద్దవాళ్లకు ప్రజాస్వామ్యంలా అనిపిస్తుంది గాని, బిడియపడే బిడ్డకు అది పన్నెండు జతల కళ్ల ముందు నిలబడటమే. అదే బిడ్డ కత్తెర పట్టుకుని గీత వెంబడి కత్తిరించుకుంటూ, తల వంచుకుని, ఎవరికీ కాకుండా మాట్లాడుతుంది. చేతులకు పని ఉంటే కళ్లు కిందికి దిగుతాయి, కళ్లు దిగితే మాట బయటికి వస్తుంది. నా దగ్గర ఇలాగే నెలల తరబడి మౌనంగా ఉన్న ఒక పాప, కాగితపు పడవకు తెరచాప అంటిస్తూ, "ఆ నావికుడు ఇంటికి ఉత్తరం రాయకపోవడం నాకు నచ్చలేదు" అంది. అది మేము నాలుగు వారాల ముందు చదివిన కథ. నాలుగు వారాలు ఆ నావికుడు ఆ పాప మనసులో తిరుగుతూనే ఉన్నాడు. నేను తలెత్తలేదు, నా పడవ నేను అంటించుకుంటూ "రాసి ఉంటే ఏం రాసేవాడో" అన్నాను. పక్కనున్న పిల్లలు అందుకున్నారు.

అప్పటి నుంచి చర్చ ముందు, చేతిపని తర్వాత అనే క్రమాన్ని వదిలేశాను. కొన్ని వారాలు రెండూ ఒకే బల్ల దగ్గర, ఒకేసారి. అలాంటప్పుడు చేతిపని తేలికైనది ఎంచుకోవాలి. మడతలు లెక్కపెట్టుకోవాల్సిన పని పెడితే మాటలు ఆగిపోతాయి. కత్తిరించడం, అంటించడం, రంగు నింపడం, పూసలు గుచ్చడం వంటివి సరిపోతాయి.

ప్రశ్న: ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా అందరూ ఒకే గుంపుగా వస్తారు. విడదీయడానికి గది లేదు, మనుషులు లేరు. ఏ పుస్తకం తీసుకోవాలి?

జవాబు: మాటలు లేని బొమ్మల పుస్తకం తీసుకోండి. ఆరేళ్ల పిల్లలు బొమ్మలో ఏముందో చెబుతారు, పదమూడేళ్లవాళ్లు రెండు బొమ్మల మధ్య ఏం జరిగి ఉంటుందో చెబుతారు. చదవడం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య తేడా అక్కడ కనిపించదు. పెద్దపిల్లలు "ఇది చిన్నపిల్లల పుస్తకం" అంటే, బొమ్మను ఏ కోణం నుంచి గీశారు, వెలుతురు ఎటు నుంచి వస్తోంది, బొమ్మ పేజీ అంచు దాటి ఎందుకు పోయింది అని అడిగి చూడండి, కుర్చీ ముందుకు లాక్కుంటారు.

చేతిపనిలో "చిన్నవాళ్లకు సాయం చేయండి" అని పెద్దపిల్లలకు చెప్పకండి. సాయమంటే వాళ్ల దృష్టిలో కాగితం లాక్కుని చేసి ఇవ్వడమే. జంటగా ఒకే పుస్తకం చేయమనండి. చిన్నవాళ్లు చెబుతారు, పెద్దవాళ్లు రాస్తారు. బొమ్మలు మాత్రం చిన్నవాళ్లే గీయాలి. ఈ షరతు ముందే చెప్పండి.

ప్రశ్న: చర్చకు వచ్చే పిల్లల్లో సగం మంది పుస్తకం చదవకుండా వస్తారు. రానివ్వాలా?

జవాబు: రానివ్వాలి. మీ దగ్గర ఆ పుస్తకం ప్రతులు ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. రెండే ప్రతులు ఉండి పదిమందిని చదివి రమ్మంటే అది జరిగే పని కాదు. చాలాచోట్ల అసలు ఇబ్బంది ఇదే, నింద మాత్రం పిల్లల మీద పడుతుంది. చర్చ మొదట్లో పావుగంట మీరే బిగ్గరగా చదవండి. మంచి చోట ఆపండి. చదివి వచ్చినవాళ్లు తర్వాతి కథ చెప్పకుండా పెదవులు బిగించుకుని కూర్చోవడం చూస్తుంటే, చదవనివాళ్లు ఆ సాయంత్రమే పుస్తకం అడుగుతారు.

ప్రశ్న: ఒకే బల్ల మీద పుస్తకాలు, జిగురు, కత్తెరలు. నాకు భయంగా ఉంటుంది. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: ఒకే బల్ల మీద పెట్టకండి, అదే మొదటి జాగ్రత్త. చూసి గీసుకోవాల్సిన పుస్తకానికి పక్కన చిన్న బల్లో, నిలబెట్టే స్టాండో ఉండాలి. తడి చేతితో ముట్టకుండా ఒక పొడి గుడ్డ అందుబాటులో ఉంచండి.

పిండితో ఉడికించిన జిగురు చవక, పిల్లలకు హాని చేయదు. కానీ పుస్తకాలున్న గదిలో దాన్ని మిగల్చకండి. పిండి జిగురు బొద్దింకలను, కాగితాన్ని తినే వెండిపురుగులను పిలుస్తుంది. వాడిన గిన్నెలు ఆ రోజే బయటికి వెళ్లాలి. తెల్ల జిగురు వాడేటట్టయితే సీసా పిల్లల చేతికివ్వకుండా మూతలో కాస్త పోసి, అట్టముక్కతో పూయమనండి. సీసా నొక్కితే కాగితం నానిపోయి ముడతలు పడుతుంది. అంటించినదాన్ని రెండు మైనపు కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఉంచితే సాపుగా ఆరుతుంది. బరువు కోసం గ్రంథాలయ పుస్తకాలు వాడకండి, ఒక చెక్కపలక తెచ్చి పెట్టుకోండి.

సూదితో కుట్టి పుస్తకం చేయించాలంటే ఎనిమిదేళ్లు నిండినవాళ్లతో, మొద్దు మొన ఉన్న సూదితో చేయించండి. మడత మీద మూడు రంధ్రాలు ముందుగా మీరే పొడిచి ఉంచాలి. దారం మధ్య రంధ్రంలో లోపలికి వెళ్లి, పై రంధ్రంలోంచి బయటికి వచ్చి, మధ్యదాన్ని దాటి కింది రంధ్రంలో లోపలికి వెళ్లి, మళ్లీ మధ్యలోంచి బయటికి రావాలి. రెండు కొసలూ పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉంచి ముడివేస్తే ఊడదు. పుస్తకం ఎత్తుకు మూడు రెట్ల దారం తీసుకుంటే సరిపోతుంది.

పేజీ తెరవగానే లేచి నిలబడే బొమ్మలంటే పిల్లలకు చెప్పలేనంత ఇష్టం. మడత మీద పక్కపక్కన రెండు గీతలు సమానంగా కత్తిరించి, మధ్య భాగాన్ని లోపలికి తోస్తే చిన్న మెట్టు లేస్తుంది. దాని ముఖానికి బొమ్మ అంటించాలి. కత్తిరింపు పొడవు మడత నుంచి పేజీ అంచుదాకా ఉన్న దూరంలో సగం కంటే తక్కువ ఉండాలి. ఎక్కువైతే పుస్తకం మూసినప్పుడు ఆ మెట్టు బయటికి పొడుచుకు వస్తుంది. ఇది ముందే చెప్పకండి. ఒకసారి బయటికి వచ్చాక ఎంత తగ్గించాలో వాళ్లే కనిపెడతారు.

కత్తెరల గురించి ఒక్క మాట. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరలు కనీసం రెండు కొనండి. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే పై అలుగు అడ్డొచ్చి కత్తిరించే గీత కనిపించదు, అలుగుల మధ్య కాగితం నలిగి మడతపడుతుంది. మేము అలాంటి కత్తెర తెప్పించేదాకా ఒక పిల్లవాడు ఏడాదిపాటు కాగితాన్ని చేత్తోనే చింపుకున్నాడు. తనకు కత్తిరించడం రాదని అతను నమ్మాడు, నేనూ నమ్మాను. ఆ ఏడాది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ.

ప్రశ్న: నేను ఒక తల్లిని. గ్రంథాలయంలో చదివి వినిపించిన కథలో కుక్క చనిపోతుంది. మా పదేళ్ల బాబు ఇంటికి వచ్చి రాత్రంతా ఏడ్చాడు. పిల్లల చర్చలకు ఇలాంటి కథలు అవసరమా? గ్రంథపాలకురాలిని అడిగితే "మంచి పుస్తకం అండీ" అన్నారు.

జవాబు: ముందుగా, ఆ రాత్రి మీరు పడిన బాధ చిన్నది కాదమ్మా. "మంచి పుస్తకం" అనే జవాబు మీకు సరిపోదు, సరిపోకూడదు కూడా. పిల్లల ముందు తెరిచే ప్రతి పుస్తకాన్నీ గ్రంథపాలకులు చివరిదాకా చదివి ఉండాలి. అలాంటి ఘట్టం ఉంటే చదవబోయే ముందు పిల్లలకు ఒక మాట చెప్పాలి, వినడం ఇష్టం లేనివాళ్లు ఇంకో పుస్తకం తీసుకుని పక్క గదిలో కూర్చోవచ్చని దారి చూపాలి. చదివాక వెంటనే చర్చలోకి లాగకూడదు. అలాంటి రోజున నేను చేతిపని కూడా పెట్టను. కుక్క బొమ్మ చేయిద్దామా అని ఒక సహోద్యోగి ఒకసారి అడిగితే వద్దన్నాను. ఆ రోజు పిల్లలు ఊరికే కూర్చుంటారు, ఎవరైనా ఏదైనా అంటే వింటాను, ఇంటికి తీసుకువెళ్లే పెద్దవాళ్లకు గుమ్మం దగ్గరే సంగతి చెబుతాను. మీకు ఎవరూ చెప్పలేదని అర్థమవుతోంది. అది లోపమే.

అయినా అలాంటి కథలు మానేయమని మాత్రం నేను అనలేను. రూడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ విద్యావేత్త 1990లో పిల్లల పుస్తకాలను అద్దాలతోనూ కిటికీలతోనూ పోల్చారు. కొన్నిటిలో బిడ్డకు తన జీవితమే కనిపిస్తుంది, కొన్నిటిలోంచి ఇతరుల జీవితం కనిపిస్తుంది. ఆ గదిలో కూర్చున్న పిల్లల్లో ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్న బిడ్డ కూడా ఉండవచ్చు. అందరూ నవ్వే కథలే చదువుతుంటే ఆ బిడ్డకు మన దగ్గర అద్దం లేనట్టే కదా. మీ బాబుకు అది అద్దమో కిటికీయో మీకే తెలుస్తుంది. "అది ఉత్త కథేలే" అని మాత్రం అనకండి. అతను ఏడ్చింది ఉత్త కథ గురించి కాదు. ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకుని మీరు ఒకసారి చదవండి. చదివానని అతనికి చెప్పండి, చాలు. మాట్లాడాలనిపించినప్పుడు అతనే వస్తాడు.

ఇలాంటి కథే విన్న ఒక పిల్లవాడు మా దగ్గర ఆ పుస్తకాన్ని మూడుసార్లు ఇంటికి తీసుకువెళ్లాడు. మూడోసారి తిరిగి ఇచ్చినప్పుడు లోపల ఒక అట్టముక్క కనిపించింది. అంచులు కత్తిరించి, చుట్టూ నీలం దారంతో కుట్టి, గుర్తుపెట్టుకునే పట్టీలా చేశాడు. కుక్క జబ్బుపడే పేజీకి సరిగ్గా ముందు పేజీలో పెట్టాడు. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "ఇక్కడి నుంచి ఎవరైనా పక్కన ఉన్నప్పుడు చదవండి." గ్రంథాలయ పుస్తకాల్లో మిగిలిపోయిన కాగితాలను తీసేయడం మా నియమం. ఆ పట్టీని మాత్రం నేను తీయలేదు. పోయినసారి వెళ్లినప్పుడు చూశాను, కుట్టు కాస్త వదులైంది గాని, అదే పేజీలో ఉంది.